కార్జంలో దాగిన మందును వెలికి తీసిన భీమవరం బిడ్డ

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం - కాలేయం మనకు చేసే మేలు

ఒంట్లో రక్తం తగ్గినవాళ్లకు మేక కార్జం వండి పెట్టమని పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పడం మామూలే. జబ్బు పడి లేచినవాళ్లకు, పాలిచ్చే తల్లులకు కార్జం మంచిదని తరతరాలుగా నమ్మకం ఉంది. ఆ నమ్మకంలో ఎంత నిజం ఉంది? కార్జంలో రక్తాన్ని పుట్టించే పదార్థం ఏమిటి? దాన్ని విడిగా తీసి మాత్రగా ఇవ్వడం సాధ్యమా? ఈ ప్రశ్నల వెంట పడి జీవితం ధారపోసిన శాస్త్రజ్ఞులలో మన జిల్లాలో పుట్టినవారు ఒకరు ఉన్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఈనాడు ప్రతి గర్భిణీ స్త్రీకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఆయన కృషి ఉన్న సంగతి ఆ మాత్ర మింగే చాలామందికి తెలియదు.

కష్టాల మధ్య చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. ఆరోగ్యం బాగాలేక ఆయన ఉద్యోగం నుంచి ముందుగానే తప్పుకోవడంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది. పిల్లలకు చదువు చెప్పించాలన్న పట్టుదల తల్లిది.

చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద ధ్యాస తక్కువ. 13 ఏళ్ల వయసులో డబ్బు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరారని, తల్లి వెనక్కి రప్పించారని చెప్పుకుంటారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషన్ తప్పారు. చివరకు మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూలులో చేరి మూడోసారికి గట్టెక్కారు. తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. అప్పట్లో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. జనానికి సేవ చేయడానికి వైద్యం కూడా ఒక దారేనని తలచి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

వైద్య విద్యకు డబ్బు లేదు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి తన కుమార్తె శేషగిరిని ఆయనకు ఇచ్చి పెళ్లి చేసి చదువుకు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు దేశమంతా మారుమోగుతున్న రోజులవి. సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ల గదికి వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షల్లో బాగానే రాసినప్పటికీ ఆయనకు యం.బి.బి.యస్. పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువదైన ఎల్.యం.యస్. సర్టిఫికెట్ చేతికి వచ్చింది. దాంతో ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు.

అన్నదమ్ములను బలిగొన్న గ్రహణి

ఆ రోజుల్లోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. సుబ్బారావు అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. ఇద్దరినీ తీసుకుపోయింది ఒకే జబ్బు. డాక్టర్లు దాన్ని స్ప్రూ అంటారు. మన వైద్యులు గ్రహణి కింద లెక్కవేసే జబ్బుల్లో ఇది ఒకటి. ఈ జబ్బులో విరేచనాలు ఆగవు. నాలుక పూసి ఎర్రబడుతుంది. తిన్నది ఒంటికి పట్టదు. మనిషి ఎండిపోతాడు. రక్తం విరిగి మొహం పాలిపోతుంది. ఇదే జబ్బు సుబ్బారావుకు కూడా సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్స చేయగా ఆయన కోలుకున్నారు. ఆ తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే అధ్యాపకుడిగా పనిచేశారు.

కళ్ల ముందు ఇద్దరు తోబుట్టువులు పోయారు. డాక్టరు చదువు చదివిన తన చేతిలో ఆ జబ్బుకు మందు లేదు. ఉష్ణదేశాల వ్యాధుల గురించి పైచదువు చదవాలని, స్ప్రూకు మందు కనిపెట్టాలని ఆయన నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ఆర్థిక సాయంతో 1922లో ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్యను పుట్టింట విడిచి వెళ్లారు. కొద్ది ఏళ్లలో తిరిగి వస్తానన్న మనిషి మళ్లీ స్వదేశం చూడలేదు.

బోస్టన్‌లోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చదివారు. మన దేశపు సర్టిఫికెట్టుతో అక్కడ వైద్యం చేసే వీలు లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని కూడా అందులో ఉంది. పగలు చదువు, రాత్రి చాకిరీ.

హార్వర్డ్‌లో ప్రొఫెసర్ సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన శాస్త్రంలో పరిశోధనకు చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది నేటికీ విద్యార్థుల పుస్తకాల్లో ఉంది. కండరాలు పనిచేయడానికి కావలసిన శక్తి ఎక్కడ నిలవ ఉంటుందో చూపే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెల్లడించారు. 1930లో డాక్టరేటు పట్టా పొందారు. ఇంత చేసినా ఆయన మనసు స్ప్రూ మీద నుంచి, రక్తహీనత మీద నుంచి మళ్లలేదు. ఆ దారి ఆయనను కాలేయం వద్దకు తీసుకుపోయింది.

ఇంటికి గాదె, ఒంటికి కాలేయం

మేకలో కార్జం అని మనం అనేదే మనిషిలో కాలేయం. డాక్టర్లు లివరు అంటారు. కడుపులో కుడివైపు, పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్లలో దాదాపు కిలోన్నర బరువు తూగుతుంది. శరీరం లోపలి అవయవాలలో ఇంత పెద్దది మరొకటి లేదు.

రైతు ఇంట్లో గాదె ఏ పని చేస్తుందో ఒంట్లో కాలేయం ఆ పని చేస్తుంది. కళ్లంలో నుంచి వచ్చిన ధాన్యం నేరుగా పొయ్యి మీదకు పోదు. తూర్పారబట్టి, తాలు తీసి, గాదెలో పోసి, ఇంటికి ఏ రోజుకు ఎంత కావాలో అంత తీస్తారు. మనం తిన్న అన్నం, పప్పు, కూర ప్రేగుల్లో అరిగిన తరువాత వాటి సారం రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ఒక ప్రత్యేకమైన పెద్ద సిర ద్వారా ముందుగా కాలేయానికే చేరుతుంది. అక్కడ జల్లెడ పట్టడం అయ్యాకే మిగతా ఒంటికి పోతుంది. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం కాలేయం గుండా సాగుతుంది.

అన్నంలోని పిండిపదార్థం చక్కెరగా మారి వచ్చినప్పుడు కాలేయం దాన్ని గ్లైకోజన్ రూపంలో దాచిపెడుతుంది. రాత్రి నిద్రలోనూ, ఉపవాసం ఉన్న పూటా ఆ నిలవలో నుంచి కొద్దికొద్దిగా చక్కెర తీసి రక్తంలోకి వదులుతుంది. ఉదయం ఏమీ తినకుండా చేలోకి వెళ్లినవాడు కళ్లు తిరిగి పడిపోకుండా ఉండడానికి కారణం ఇదే.

నూనె, నెయ్యి అరగడానికి కావలసిన పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయమే. రోజుకు ఇంచుమించు లీటరు దాకా తయారవుతుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను, ఒంట్లో నీరు చేరకుండా చూసే అల్బుమిన్ అనే మాంసకృత్తును కాలేయమే చేస్తుంది. మాంసకృత్తులు అరిగినప్పుడు పుట్టే అమ్మోనియా విషాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పోయేలా చేస్తుంది. మనం మింగిన మందులను, తాగిన సారాను విరగ్గొట్టి బయటకు పంపే పని కూడా దానిదే.

రక్తంలోని ఎర్రకణాల ఆయుష్షు 120 రోజుల దాకా ఉంటుంది. చచ్చిన కణాల నుంచి పసుపుపచ్చని పదార్థం ఒకటి పుడుతుంది. దాన్ని పైత్యంతో కలిపి మలంలోకి తోసేది కాలేయం. ఆ పని సరిగా సాగకపోతే పచ్చదనం ఒంట్లోనే నిలిచి కళ్లకు, చర్మానికి ఎక్కుతుంది. దాన్నే పచ్చకామెర్లు అంటాం.

వీటన్నిటితో పాటు గాదెలో విత్తనాలు దాచినట్లు కాలేయం కొన్ని విటమిన్లను, ఇనుమును దాచి ఉంచుతుంది. సుబ్బారావు కథకు కీలకం ఈ నిలవలే.

కార్జం తిని బతికిన రోగులు

ఆ రోజుల్లో తెల్లవారి దేశాల్లో ఒక రకం రక్తహీనత ప్రాణాలు తీసేది. ఎముకల్లోని మూలుగలో రక్తకణాలు తయారు కాకుండా ఆగిపోయేవి. ఇనుము ఇచ్చినా లాభం లేకపోయేది. రోగి ఒకటి రెండేళ్లలో చనిపోవడం ఖాయం. దానికి ప్రాణాంతక రక్తహీనత అనే పేరు పెట్టారు.

అమెరికాలో జార్జి విప్పుల్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల ఒంట్లో నుంచి రక్తం తీసి, ఏ ఆహారం పెడితే రక్తం త్వరగా ఊరుతుందో చూశారు. కార్జం పెట్టిన కుక్కలు త్వరగా కోలుకున్నాయి. దాన్ని చూసి బోస్టన్‌లో జార్జి మినో, విలియం మర్ఫీ అనే డాక్టర్లు రోగులకు రోజూ కార్జం పెట్టారు. చావుకు దగ్గర పడినవాళ్లు లేచి కూర్చున్నారు. 45 మంది రోగుల వివరాలతో ఈ సంగతిని వారు 1926లో ప్రకటించారు. 1934లో ఆ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే రోజూ పావు కిలో దాకా సగం ఉడికిన కార్జం జీవితాంతం తినడం ఎవరి తరం? వికారంతో రోగులు మానేసేవారు. కార్జంలోని సారాన్ని పిండి మందుగా తయారుచేయడం 1928 నాటికి మొదలయింది. కానీ ఆ సారంలో పనిచేసే పదార్థం ఏదో ఎవరికీ తెలియదు. గడ్డివాములో సూదిని వెతకడం వంటి పని అది. కార్జంలో వేల పదార్థాలు ఉంటాయి. ఒక్కొక్కటి విడదీసి రోగి మీద చూడాలి. సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే ఈ పనిలోకి దిగారు. కార్జం సారంలో రక్తం పుట్టించే పదార్థం గురించి ఆయన తన సహచరుడితో కలిసి 1937లో పరిశోధన పత్రం ప్రచురించారు.

ఇదే సమయంలో మన దేశంలోనూ ఒక ముఖ్యమైన పరిశోధన జరిగింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీలకు వచ్చే రక్తహీనతను పరిశీలించారు. వారికి ఈస్టు సారం ఇస్తే రక్తం పట్టడం చూశారు. 1931లో ఆ విషయం ప్రకటించారు. కార్జంలో ఉన్నట్లే ఈస్టులోనూ రక్తం పట్టించే పదార్థం ఏదో ఉందని దాని ద్వారా తేలింది. ఆకుకూరలలో కూడా అటువంటిది ఉందని తరువాత తెలిసింది. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థం వచ్చేలా దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

మాత్రగా మారిన కార్జం సారం

హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యారు. పెద్ద పెద్ద యంత్రాలు, పదుల సంఖ్యలో రసాయన శాస్త్రజ్ఞులు ఆయన చేతి కింద ఉన్నారు. కార్జం సారం తయారుచేసే కంపెనీ కావడంతో సరుకుకు కొదవ లేదు.

ఆయన బృందంలోని వారు 1943లో కార్జం నుంచి ఆ పదార్థాన్ని శుద్ధిగా విడదీశారు. అది ఎంత తక్కువగా ఉంటుందంటే, రోగులకు సరిపడా తీయాలంటే కార్జం గుట్టలు గుట్టలుగా కావాలి. కనుక దాని నిర్మాణం కనుక్కుని ప్రయోగశాలలో చేసుకోవడమే మార్గమని సుబ్బారావు భావించారు. పదహారు మంది శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసి 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించారు. కార్జం అవసరం లేకుండానే, దానిలోని సారం పచ్చని పొడిగా సీసాలో చేరింది.

1946 నాటికి ఆ మందును క్యూబా వంటి దేశాల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం పట్టింది. నాలుక పూత తగ్గింది. ఆకలి పుట్టింది. పురుషోత్తం, కృష్ణమూర్తి ఏ జబ్బుతో పోయారో ఆ జబ్బు లొంగింది. భీమవరం వదిలిన సుబ్బారావు వెతికింది దీనికోసమే.

ఇందులోని కీలకం కాలేయపు గాదెలో ఉంది. ఫోలిక్ యాసిడ్ ప్రేగుల నుంచి రక్తంలోకి చేరాలి. స్ప్రూలో ప్రేగుల లోపలి పొర పాడై, లోపలికి తీసుకోవలసినది తీసుకోలేదు. కొత్త ధాన్యం రాకపోతే గాదెలో ఉన్నదే తినాలి. కాలేయంలో ఫోలిక్ యాసిడ్ నిలవ మూడు నాలుగు నెలలకే సరిపోతుంది. అది అడుగంటగానే మూలుగలో రక్తకణాలు తయారు కావడం తప్పుతుంది. ప్రేగుల పొర కూడా కొత్త కణాలు లేక మరింత చెడుతుంది. అది చెడేకొద్దీ లోపలికి చేరేది ఇంకా తగ్గుతుంది. సుబ్బారావు తోబుట్టువులను చంపిన సుడిగుండం ఇది.

సగం తాళమే తెరుచుకుంది

అయితే ప్రాణాంతక రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ పూర్తి మందు కాలేదు. దాన్ని ఇస్తే రక్తం పట్టేది కానీ కాళ్లు చేతుల తిమ్మిర్లు, నడక తడబడటం వంటి నరాల బాధ ఆగేది కాదు. కార్జంలో మరో పదార్థం ఉందని స్పష్టమయింది. 1948లో అమెరికాలోని మెర్క్ కంపెనీవారు, ఇంగ్లండులోని గ్లాక్సో కంపెనీవారు వేరువేరుగా దాన్ని ఎర్రని స్ఫటికాల రూపంలో పట్టుకున్నారు. అదే బి12 విటమిన్. ఏళ్ల తరబడి దాని కోసం వెతికిన సుబ్బారావుకు ఆ ఘనత దక్కలేదు. కార్జం అనే గాదెకు రెండు తాళాలు ఉండగా ఒకటి ఆయన బృందం తీసింది, రెండోది ఇతరులు తీశారు.

కాలేయంలో బి12 నిలవ కొన్నేళ్లకు సరిపోతుంది. అందువల్లే ఈ విటమిన్ అందకపోయినా లోటు బయటపడటానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఇది దొరుకుతుంది. కూరగాయల్లో, ధాన్యంలో ఉండదు. శాకాహారులు పాలు, పెరుగు మానకూడదని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఒక మందు నుంచి మరో మందు

ఫోలిక్ యాసిడ్ రక్తకణాలు పెరగడానికి అవసరం. మరి రక్తకణాలు హద్దు లేకుండా పెరిగే జబ్బు ఉంది. అదే రక్త క్యాన్సరు. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థం చేస్తే ఆ పెరుగుదల ఆగుతుందా? బోస్టన్‌లో పిల్లల వైద్యం చేసే సిడ్నీ ఫార్బర్ కోసం సుబ్బారావు బృందం అటువంటి పదార్థాలను తయారుచేసి పంపింది. అమినోప్టెరిన్ అనే మందును 1947 చివర నుంచి రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గుముఖం పట్టింది. ఫార్బర్ 1948లో ఈ ఫలితాలు ప్రకటించారు. ఈ జబ్బుకు మందుతో లొంగే గుణం ఉందని లోకానికి తెలియడం అదే మొదలు. ఆ కోవలోనిదే మెథోట్రెక్సేట్. క్యాన్సరుకు, కీళ్లవాతానికి నేడు కూడా దాన్ని వాడుతున్నారు. ఈ మందు వాడేవారికి డాక్టర్లు మధ్యమధ్య కాలేయం పరీక్ష చేయిస్తారు. మందు వల్ల కాలేయానికి హాని కలుగుతుందేమో చూడటం తప్పనిసరి.

బోదకాలు మన గోదావరి మండలానికి పాత శత్రువు. దాని పురుగులను చంపే హెట్రజాన్ మందు కూడా లెడర్లీలో సుబ్బారావు ఆధ్వర్యంలోనే తయారై 1947లో వెలువడింది. మందు అసలు పేరు డై ఇథైల్ కార్బమజైన్. ఫైలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఇదే.

ఆయన ప్రోత్సాహంతో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ మందు కనిపెట్టారు. 1948లో అది బయటకు వచ్చింది. టెట్రాసైక్లిన్ కోవకు చెందిన మందుల్లో అది మొదటిది. ఒక విశేషం ఇక్కడ చెప్పుకోవాలి. స్ప్రూ రోగికి నేడు డాక్టర్లు రాసే మందులు రెండు. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండవది టెట్రాసైక్లిన్. తన అన్నదమ్ములను రక్షించలేకపోయిన మనిషి ప్రయోగశాల నుంచే ఆ రెండు దారులూ మొదలయ్యాయి.

పేరు కోరని మనిషి

1948 ఆగస్టులో ఒక రాత్రి పెర్ల్ రివర్‌లో నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగింది. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. మెథోట్రెక్సేట్ ఎంత దూరం పోతుందో, డి.ఇ.సి. ఎన్ని కోట్ల మంది మింగుతారో ఆయన చూడలేదు. 26 ఏళ్లు ఎదురుచూసిన భార్య శేషగిరి చివరికి భర్తను చూడలేదు. ఈ కథలో ఆమె చెల్లించిన ధర కూడా చిన్నది కాదు.

పరిశోధన పత్రాల్లో తన పేరు ముందు ఉండాలని సుబ్బారావు పట్టుబట్టలేదు. పని చేసినవారి పేర్లు ముందు పెట్టించేవారు. పేపర్ల వాళ్ల ముందుకు వచ్చేవారు కాదు. దాంతో మందులు ఊరూరా చేరాయి కానీ మనిషి పేరు చేరలేదు. ఒక జాతి బూజుకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు కలిపి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

గాదెకు చిల్లు పడకుండా

కాలేయానికి ఒక గొప్ప గుణం ఉంది. ఆపరేషన్‌లో మూడింట రెండు వంతులు కోసి తీసినా, మిగిలిన భాగం ఆరోగ్యంగా ఉంటే తిరిగి పెరుగుతుంది. అందుకే చాలాకాలం నష్టం బయటపడదు. మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. లోపల మచ్చ మీద మచ్చ కట్టి గట్టిపడిపోయాక మాత్రం తిరిగి పెరగడం సాధ్యం కాదు. కడుపులో నీరు చేరడం, కాళ్లు వాయడం, రక్తపు వాంతులు, తారు వంటి నల్లని విరేచనం, మతి తప్పి మాట్లాడటం అప్పుడు కనపడతాయి. అంతదాకా రానివ్వకూడదు.

సారా, బ్రాందీ ఏదైనా కాలేయానికి ఒక్కటే. ఖరీదైనదైతే హాని లేదనుకోవడం భ్రమ. రోజూ తాగేవాడి కాలేయానికి ముందు కొవ్వు పడుతుంది. తరువాత వాపు వస్తుంది. చివరకు గట్టిపడుతుంది. కొవ్వు పట్టిన దశలో మానేస్తే చాలా వరకు కోలుకుంటుంది. తాగని వారికి కూడా మధుమేహం, స్థూలకాయం వల్ల కాలేయానికి కొవ్వు పట్టవచ్చు. నడక, పొలం పని, తీపి తగ్గించడం దానికి మందు.

పచ్చకామెర్లు అన్నీ ఒకటి కావు. మురికి నీటి ద్వారా వచ్చేవి ఏ, ఇ రకాలు. ఇవి చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినవాడు తగ్గింది పసరు వల్లనే అనుకోవడానికి కారణం ఇదే. కానీ ఇ రకం గర్భిణీ స్త్రీకి వస్తే ప్రాణాపాయం. నీరు కాచి చల్లార్చి తాగడం, మరుగుదొడ్డి వాడటం ఉత్తమం. రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, లైంగిక సంబంధం వల్ల వచ్చేది బి రకం. సి రకం ఎక్కువగా రక్తం ద్వారా, సూదుల ద్వారా వస్తుంది. ఈ రెండూ ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా కాలేయాన్ని తినేస్తాయి. బి రకానికి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు మొదటి టీకా వేయించాలి. సి రకాన్ని నేడు కొన్ని వారాల పాటు మాత్రలు వాడి నయం చేయవచ్చు.

కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలి. చేతి మీద వాత పెట్టించుకోవడం, కంట్లో పసరు పోయించుకోవడం వల్ల కాలేయం బాగుపడదు. పుండు, కంటి జబ్బు అదనంగా వస్తాయి. జ్వరం, ఒళ్లు నొప్పుల మాత్ర పారాసిట్‌మాల్ కూడా మోతాదు మించితే కాలేయాన్ని చంపుతుంది.

ఇక ఫోలిక్ యాసిడ్ సంగతి. తోటకూర, పాలకూర, మెంతికూర, శనగలు, పెసలు, కార్జం ఇవన్నీ దానికి నిలయాలు. ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే చాలా వరకు పోతుంది. గర్భిణీ స్త్రీకి బిడ్డ కోసం, తన కోసం మామూలు కన్నా ఎక్కువ కావాలి. మన దేశంలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఫోలిక్ యాసిడ్ మాత్రలు పంచే కార్యక్రమం 1970లో మొదలయింది. గర్భం రాకముందు నుంచే ఈ మాత్ర వాడితే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలా వరకు తగ్గుతాయని 1991లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. గర్భిణులు కార్జం అతిగా తినకూడదు. దానిలోని ఏ విటమిన్ ఎక్కువైతే బిడ్డకు చేటు. మాత్రకు ఆ భయం లేదు.

ఆశా కార్యకర్త ఇచ్చిన ఆ మాత్రలను నల్లటి విరేచనం అవుతుందనో, వాంతి వస్తుందనో గూట్లో పడేసే ఇళ్లు ఉన్నాయి. విరేచనం నల్లబడేది మాత్రలోని ఇనుము వల్ల, దానివల్ల హాని లేదు. వాంతి అనిపిస్తే అన్నం తిన్న తరువాత రాత్రి పూట వేసుకోవచ్చు. మాత్రతో టీ, కాఫీ తాగకూడదు. భీమవరంలో పుట్టిన మనిషి పాతికేళ్ల శ్రమ అందులో ఉంది. పారేయకుండా మింగితే చాలు, ఆ శ్రమ మన ఇంట్లో తల్లికీ బిడ్డకూ రక్తమవుతుంది.